వన్స్‌మోర్ అన్నది మనమే

మా తాతయ్య చెప్పిన నాటకం కబురొకటి ఉంది. తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో హరిశ్చంద్ర ఆడితే కాటి సీను కోసం జనం తెల్లవార్లూ కూర్చునేవాళ్ళట. నటుడు పద్యం ఎత్తుకుని, రాగం లాగి లాగి, చివర గొంతు దించగానే వెనక గడ్డివాము పక్క నుంచి ఎవడో "వన్స్‌మోర్!" అని అరిచేవాడు. మళ్ళీ పాడేవాడు. మళ్ళీ వన్స్‌మోర్. ఒక రాత్రి మూడోసారి కూడా పాడాక ఆ నటుడు కాటికాపరి వేషంలోనే హార్మోనిస్టు వైపు తిరిగి, "ఇక టీ తాగాకేనండీ" అన్నాడట. జనం దానికీ ఈలలు వేసి, దానికీ వన్స్‌మోర్ అన్నారట.

తాతయ్య ఈ కబురు చెప్పినప్పుడల్లా మేం పడీపడీ నవ్వేవాళ్ళం. ఆ నటుడి గొంతు ఎలా ఉందో ఎవరం అడగలేదు.

2019లో మెల్‌బోర్న్‌లో మావాళ్ళ దీపావళి సంబరం. ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని చేసుకునే మామూలు సంబరమే: గణపతి ప్రార్థన, ఒక అన్నమయ్య కీర్తన, ఒక కూచిపూడి, మైకు పట్టుకుంటే వదలని పెద్దాయన ఒకరు. తర్వాత పన్నెండు మంది చిన్నపిల్లలు వచ్చి 'డాన్స్ మంకీ' పాటకి ఆడారు. ఆ ఏడాది పిల్లలందరి నోటా అదే పాట. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు, రెండో వరసలో ఎడమ చివర. పాట అయిపోగానే హాలు వెనక నుంచి ఎవరో "వన్స్‌మోర్!" అన్నారు. ఎవరో ఏముంది, నేనే. రక్తంలో ఉన్న జబ్బు. పిల్లలు మళ్ళీ ఆడారు. ఈసారి ఇంకొకరెవరో అరిచారు. మూడో విడతకి మా పిల్ల అడుగులు మర్చిపోయి, అటూ ఇటూ చూసి, నోట్లో వేలు పెట్టుకుని నిలబడింది. మేమంతా ముద్దొస్తోందని ఫోన్లలో తీసుకున్నాం.

ఆ పాట దేని గురించో నాకప్పుడు తెలియదు. తెలిసాక ఆ వీడియో మళ్ళీ చూశాను. నవ్వు రాలేదు.

పాట రాసి పాడిన అమ్మాయి స్టేజి పేరు టోన్స్ అండ్ ఐ, అసలు పేరు టోనీ వాట్సన్. మాకు దూరమేమీ కాదు, మా ఫ్రాంక్‌స్టన్ రైలు లైను ఎక్కడ ఆగిపోతుందో అక్కడి నుంచి మొదలయ్యే మార్నింగ్‌టన్ పెనిన్సులా పిల్ల. అక్కడ బట్టల కొట్లో పనిచేసేది. ఒక కీబోర్డు, ఒక లూప్ స్టేషన్ సంపాదించుకుని వీధిలో పాడటం మొదలుపెట్టింది. 2017 ప్రాంతంలో న్యూ సౌత్ వేల్స్ ఉత్తరపు కొసన ఉన్న బైరన్ బే వెళ్ళి పేవ్‌మెంటు మీద నిలబడింది. తర్వాత ఉద్యోగం మానేసి వ్యానులో పడుకుంటూ అక్కడే పాడింది. బైరన్ బే అంటే సముద్రం, సర్ఫింగు, వీపున సంచి తగిలించుకుని తిరిగే కుర్రకారు, రాత్రయితే పబ్బుల్లోంచి బయటికొచ్చే జనం. ఆమె శ్రోతలు వాళ్ళే.

తాగినవాడు శ్రోతగా ఎలా ఉంటాడో పెళ్ళి బరాత్‌లో బ్యాండువాళ్ళని అడగండి. పాట అయిపోనివ్వడు. అయిపోతే ఒప్పుకోడు. చెయ్యి పట్టి లాగుతాడు. అదే పాట మళ్ళీ అంటాడు, లేకపోతే తనకిష్టమైన ఇంకో పాట అంటాడు, రెండు నిమిషాల్లో విసుగు పుడితే ఫోను చూసుకుంటూ పోతాడు. ఒకడు డబ్బుల డబ్బాలో చెయ్యి పెడతాడు. ఈ గొడవంతా ఆమె తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పింది. ఆ చిరాకులోంచి వచ్చిందే 'డాన్స్ మంకీ'. పాటలో పల్లవి గాయని మాట కాదు, జనం మాట. నీలాంటిదాన్ని చూడలేదు, ఆడు, ఇంకోసారి ఆడు, మాకోసం ఆడు అని వాళ్ళు అంటున్నదాన్నే ఆమె తిరిగి పాడుతోంది. మెప్పుకోలు లాగే వినిపిస్తుంది. వింటూంటే మెల్లగా తాడు బిగుస్తుంది.

మనకి ఈ పేరు విడమరిచి చెప్పక్కర్లేదు. కోతిని ఆడించేవాడు మన వీధుల్లోకి వచ్చేవాడు కదా. డోలు వాడి చేతిలో, తాడు వాడి చేతిలో, చిల్లర కోసం చాపే చెయ్యి మాత్రం కోతిది. ఈ పాటలో విచిత్రం ఏమిటంటే ఆడించేవాడు ఒకడు కాడు, చుట్టూ నిలబడ్డ మొత్తం గుంపు.

ఇక ఆ తర్వాత జరిగింది అంకెల్లో చెప్తేనే నమ్మబుద్ధవుతుంది. 2019 మే 10న పాట విడుదలైంది. ఆ చలికాలంలోనే (ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు) ఆస్ట్రేలియా వారవారీ పాటల జాబితా ఆరియా చార్టులో మొదటి స్థానానికి చేరి, మొత్తం 24 వారాలు అక్కడుంది. అంతకుముందు ఎడ్ షీరన్ పాటకి 15 వారాలుంటే అబ్బో అనుకున్న దేశం ఇది. బ్రిటన్‌లో 11 వారాలు నంబర్ వన్. ఒంటరిగా పాడే ఏ గాయనికీ అక్కడ అన్ని వారాలు దక్కలేదు. విట్నీ హూస్టన్, రిహానా పదేసి వారాల దగ్గర ఆగారు. అమెరికాలో నాలుగో స్థానం దాకా వెళ్ళింది. 30కి పైగా దేశాల్లో మొదటి స్థానం. స్పాటిఫైలో 300 కోట్ల సార్లు దాటి విన్నారు. ఆ నవంబరులో నాలుగు ఆరియా అవార్డులు.

నాకు వీటన్నిటికంటే నచ్చిన అంకె వేరే ఉంది. ఎక్కడో వినిపిస్తున్న పాట ఏమిటో ఫోనుకి వినిపించి కనుక్కునే షజామ్ యాప్ 2022లో 20 ఏళ్ళు నిండిన సందర్భంగా లెక్క బయటపెట్టింది. ఆ ఇరవయ్యేళ్ళలో జనం అన్నిటికంటే ఎక్కువసార్లు "ఇదేం పాట?" అని అడిగింది 'డాన్స్ మంకీ' గురించేనట, 4 కోట్ల 10 లక్షల సార్లకు పైగా. అంటే ఏమిటి? నడిచిపోతున్న మనిషి ఆగాడు. ఎవరిదీ గొంతు అని వెనక్కి తిరిగి చూశాడు. బైరన్ బే పేవ్‌మెంటు మీద ఆ అమ్మాయికి రోజూ కావలసిన పని ఇదొక్కటే. అదే పని ప్రపంచమంతటా సూపర్ మార్కెట్లలో, పెట్రోలు బంకుల్లో, జిమ్ముల్లో 4 కోట్ల సార్లు జరిగింది.

ఈ విషయం మీదే మా బావకీ నాకూ పడదు. బావ ఉండేది టార్నీట్‌లో, ఊరికి ఆ చివర. మేం ఈ చివర. కలవాలంటే గంట పైన కారు నడపాలి కాబట్టి కలిసినప్పుడు పోట్లాట కూడా సాయంత్రం దాకా సాగుతుంది. "లాటరీ తగిలిందిరా ఆ పిల్లకి. ఆ నాలుగు ముక్కల ట్యూను మా వాడు కూడా కొడతాడు. ఆ గొంతేంటి, పిల్లిని పీక నొక్కినట్టు. టిక్‌టాక్ పుణ్యం" అంటాడు. బావ ఒక్కడే కాదు, సగం ఆస్ట్రేలియా ఇలాగే అంది. కాస్త మర్యాదగా అన్నవాళ్ళు 'వన్ హిట్ వండర్' అన్నారు.

లాటరీ టిక్కెట్టు కొన్నవాడు రోజూ నాలుగైదు గంటలు ఎండలో నిలబడడు బావా.

వీధి పాట కచేరీ కాదు. కచేరీకి వచ్చినవాడు టిక్కెట్టు కొన్నాడు, కూర్చున్నాడు, ఆలాపన పూర్తయ్యేదాకా ఓపిక పట్టడానికి ముందే ఒప్పుకున్నాడు. వీధిలో మనిషికి మీరు వినిపించే మేర పది పదిహేను అడుగులు. ఆ పదిహేను అడుగుల్లో పట్టుకోవాలి, లేకపోతే పోతాడు. పోయినవాడు ఎందుకు పోయాడో చెప్పడు. అదే మూల, అదే పాట, మంగళవారం నిలబడిన జనం బుధవారం ఎందుకు నిలబడలేదో మీరే ఆలోచించుకోవాలి. ఏ సంగీత కళాశాలలోనూ ఇంత కఠినమైన పరీక్ష లేదు. ఇక్కడ ప్రతి ఐదు సెకన్లకీ ఒకడు మార్కులు వేసి వెళ్ళిపోతూ ఉంటాడు.

ఇప్పుడు బావ చెప్పిన "నాలుగు ముక్కలు" వినండి. నిజమే, పాటంతా నాలుగు కార్డ్‌లే (ఒకేసారి మోగించే స్వరాల గుత్తులు), మొదటి నుంచి చివరిదాకా అవే తిరుగుతాయి. ఎందుకని? లూప్ స్టేషన్ అంటే మీరు వాయించిన ముక్కని రికార్డు చేసుకుని తిప్పి తిప్పి వినిపించే పెట్టె. కాలితో నొక్కితే కీబోర్డు ముక్క తిరుగుతుంది, దాని మీద తాళం, దాని మీద ఇంకో గొంతు. ఒక్క మనిషి బ్యాండు మేళం అయిపోవడానికి అదే దారి. అలాంటి పెట్టెతో పాట కట్టే మనిషికి కింద తిరిగేది తిరుగుతూనే ఉంటుంది, మార్చాల్సిందల్లా పైన గొంతులోనే మార్చాలి. ఆ పాటలో గొంతు చేసే చిత్రాలన్నీ, ఆ కీచు, ఆ గరగర, ఒక్క మాటని చివర విరిచి వదలడం, అందుకే వచ్చాయని నా అనుమానం. పల్లవి రావడానికి ముందు బీట్ ఆగినట్టయి గొంతు మాత్రం మిగిలే చోటు చూడండి. నడిచేవాడు తల తిప్పేది అక్కడే. స్టూడియోలో బ్రిస్బేన్ నిర్మాత కాన్‌స్టంటీన్ కెర్‌స్టింగ్ దానికి నునుపు పెట్టి ఉండవచ్చు. ఎముక మాత్రం వీధిదే.

పాప్ సంగీతంలో ఈ మధ్య ఒక్కో పాటకి ఐదుగురు, ఎనిమిది మంది రచయితలు ఉంటారు. ఈ పాటకి రచయితగా ఒక్కటే పేరు. బ్యాడ్ బ్యాచ్ రికార్డ్స్ అనే చిన్న రికార్డు కంపెనీ పేరు మీద విడుదలైంది. ఆ నాలుగు అవార్డుల్లో ఒకటి ఇండిపెండెంట్ విడుదలకి వచ్చిందే. లాటరీ వాదులు ఈ ముక్క దగ్గర ఎప్పుడూ టీ కోసం లేస్తారు.

అలాగని ఒంటి చేత్తో కొండ పిండి చేసిందనీ అనను. ఆ మాట అనేవాళ్ళంటే బావ కంటే ఎక్కువ చిరాకు నాకు. పేవ్‌మెంటు కింద ఒక దేశం కట్టిన పునాది ఉంది. ఇక్కడ వీధిలో పాడాలంటే కౌన్సిల్ పర్మిట్ ఇస్తుంది. మెల్‌బోర్న్ నడిబొడ్డున బర్క్ స్ట్రీట్ మాల్‌లో పాడాలంటే ముందు ఆడిషన్ కూడా ఇవ్వాలి. అంటే పోలీసు వచ్చి తరమడు, పాడటం ఒక పని అని కాగితం మీద రాసి ఉంటుంది. ఆ మాల్‌లోనే పాడుతూ పైకొచ్చింది టాష్ సుల్తానా. పశ్చిమాన ఫ్రీమాంటిల్ వీధుల్లో జాన్ బట్లర్ తన క్యాసెట్లు తనే అమ్ముకున్నాడు. టోనీ వాట్సన్ నడిచింది వీళ్ళు తొక్కిన దారే.

ఇంకో పునాది రేడియో. ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఏబీసీలో కుర్రకారు కోసం ట్రిపుల్ జె అని ఒక స్టేషన్ ఉంది. దానికి 1995 నుంచి అన్‌ఎర్త్‌డ్ అనే పథకం ఉంది. పేరూ ఊరూ లేని పాటగాళ్ళని మట్టిలోంచి తవ్వి తీయడం దాని పని. మొదటి ఏడాది గెలిచిన గ్రిన్‌స్పూన్ బ్యాండ్ బైరన్ బేకి కూతవేటు దూరంలోని లిస్మోర్ వాళ్ళు. మిస్సీ హిగ్గిన్స్ వచ్చింది ఇక్కడి నుంచే. సిడ్నీలోని వాటర్‌లూ కుర్రాడు, పాటగాడు ది కిడ్ లరాయ్ 2018లో స్కూలు పిల్లల పోటీలో ఫైనల్ దాకా వచ్చిందీ ఇక్కడే. టోనీ తన మొదటి పాట 'జానీ రన్ అవే' 2019 తొలి నెలల్లో పెట్టింది అక్కడే. రేడియోలో పడింది. రెండు నెలల్లో రెండో పాట. అదే 'డాన్స్ మంకీ'.

పాత దారులు వేరుగా ఉండేవి. కైలీ మినోగ్ 1986లో 'నేబర్స్' సీరియల్లో మెకానిక్ పిల్ల వేషంతో ఇంటింటికీ తెలిసాక పాటలోకి వచ్చింది. నటాలీ ఇంబ్రూలియా, డెల్టా గుడ్రమ్ కూడా ఆ సీరియల్ వీధి లోంచి వచ్చినవాళ్ళే. 2003లో టీవీ పోటీ గెలిచి గై సెబాస్టియన్ వచ్చాడు. పెర్త్ కుర్రాడు ట్రాయ్ సివాన్‌కి యూట్యూబ్ దారి ఇచ్చింది. ఇవన్నీ ముందు మొహం, తర్వాత పాట. ఈ అమ్మాయి టోపీ కళ్ళ మీదకి లాక్కుని వచ్చింది. 'డాన్స్ మంకీ' వీడియోలో కూడా ముసలాయన వేషం కట్టి, ముడతల మేకప్ కింద దాక్కుని, గోల్ఫ్ మైదానంలో చిందులేసింది.

దాక్కున్నా వదల్లేదు. పాట మోగిన కొద్దీ సోషల్ మీడియాలో ఆమె రూపం మీద, బట్టల మీద, గొంతు మీద మొదలైంది. ఎంత దారుణంగా ఉందో ఆమే బయటపడి చెప్పుకుంది. మొదట భుజానికెత్తుకున్న ట్రిపుల్ జె శ్రోతల్లోనే కొందరికి, పాట మాల్స్‌లోకి రాగానే మోజు తీరిపోయింది. అయినా ఆ స్టేషన్ శ్రోతలు ఏటా మేలైన పాటలని ఎన్నుకునే హాటెస్ట్ 100 ఓటింగులో ఆ ఏడు నాలుగో స్థానం వచ్చిందంటే, తిట్టినవాళ్ళకంటే ఓటేసినవాళ్ళు గట్టివాళ్ళన్న మాట. బైరన్ బేలో తాగి చెయ్యి లాగినవాడు పది మందిలో ఒకడు. ఇంటర్నెట్‌లో వాడికి రోడ్డు దాటి రావలసిన పని కూడా లేదు. జనం నన్ను కోతిలా ఆడిస్తున్నారని ఒక మనిషి పాట రాస్తే, ప్రపంచం ఆ పాటకే ఆడి, ఆపైన ఏదీ ఇంకోటి అంది. ఇంకోటి ఇస్తే, ఇది దానిలా లేదంది.

'వన్ హిట్ వండర్' అన్న మాట నాకు గిట్టనిది అందుకే. లెక్క ప్రకారం చూసినా తప్పే. 2021 జులైలో వచ్చిన మొదటి ఆల్బమ్ 'వెల్‌కమ్ టు ది మ్యాడ్‌హౌస్' ఆస్ట్రేలియాలో మొదటి స్థానంలోనే అడుగుపెట్టింది. 2024లో రెండోది వచ్చింది. అది పక్కన పెట్టండి. రెండో పాట కూడా 24 వారాలు ఆడాలి అనేవాడెవడు? గడ్డివాము పక్కన కూర్చున్నవాడే. హరిశ్చంద్ర పద్యం ఒక్కటి జీవితంలో ఒక్కసారి అలా పాడితే చాలదా? చాలదనేది పాడేవాడు కాదు.

మనవైపు మాట ఒకటి చెప్పి ముందుకి పోతాను. బస్కింగ్‌కి, అంటే ఇలా వీధిలో పాడి డబ్బులు సంపాదించుకోవడానికి, తెలుగు మాట కోసం చాలాసేపు వెతికాను. గంగిరెద్దులవాళ్ళు, బుడబుక్కలవాళ్ళు, జంగందేవరలు, శారదకాళ్ళు అని ఒక్కో విద్యకీ ఒక్కో పేరు పెట్టుకున్న భాష మనది. అందరినీ కలిపి పిలవాల్సి వస్తే మాత్రం నోటికి వచ్చేది 'బిచ్చగాళ్ళు'. కిన్నెర మొగులయ్యగారి గొంతు 2021లో ఒక సినిమా పాటతో ఊరూరా మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో కూలి పని చేస్తున్నారన్న వార్త చూశాం. పన్నెండు మెట్ల కిన్నెర వాయించగలిగిన మనిషి. ఆయన ప్రతిభకీ ఈ అమ్మాయి ప్రతిభకీ తూకం వేయడం నా పని కాదు. ఇక్కడ ఆస్ట్రేలియాలో రేడియోలో పాట మోగితే రచయిత తరఫున లెక్కగట్టి డబ్బు వసూలు చేసి పంపే ఆప్రా అనే సంఘం ఉంది. పాట కింద ఒకే పేరు ఉంటే ఆ రచయిత వాటా ఆ ఒక్కరిదే. ఒకళ్ళకి శాలువా కప్పాం, ఇంకొకళ్ళకి లెక్క అప్పజెప్పారు.

నన్ను నేను మినహాయించుకోలేను. ఈ దేశం వచ్చి పదమూడేళ్ళు. బర్క్ స్ట్రీట్‌లో ఎంతమంది దగ్గర ఆగానో, ఎంతమందిని ఫోనులో తీసి అమ్మకి వాట్సాప్‌లో పంపానో లెక్క లేదు. డబ్బాలో ఎన్నిసార్లు వేశానో మాత్రం లెక్కుంది, చేతివేళ్ళు చాలు. "చిల్లర లేదు" అని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు వాళ్ళూ కార్డు తాకించే మిషన్లు పెట్టుకున్నారు. దాంతో ఆ సాకు పోయింది. కొత్తది వెతుక్కుంటున్నాను.

పోయిన నెల బావావాళ్ళు భోజనానికి వచ్చారు. వాళ్ళతో పాటు కొత్తగా ఈ ఊరొచ్చిన ఒక జంట. మా అమ్మాయి ఇప్పుడు కీబోర్డు నేర్చుకుంటోంది, పరవాలేదు, బాగానే వాయిస్తుంది. పెసరట్లు అయ్యాయి, కాఫీలు అయ్యాయి. మన ఇళ్ళలో ఆ తర్వాత ఏం జరుగుతుందో తెలిసిందే.

"ఏదమ్మా, అంకుల్‌కి ఒక పాట వాయించు" అన్నాడు బావ.

పిల్ల నా వైపు చూసింది. నేను కప్పు వైపు చూశాను. లోపలికి వెళ్ళి కీబోర్డు తెచ్చి, వైరు గుచ్చి, స్కూలు టోపీ తీసి వెల్లకిలా తిప్పి కార్పెట్ మీద పెట్టింది. అందరూ నవ్వారు. అది నవ్వలేదు. రెండు నిమిషాలు వాయించింది. కొత్తగా వచ్చిన ఆవిడ పర్సు వెతికి రెండు డాలర్ల బిళ్ళ వేసింది.

"అబ్బ, భలే వాయించావే. వన్స్‌మోర్!" అన్నాడు బావ.

అది కాలి బొటనవేలితో టోపీని ఆయన వైపు జరిపింది. బావ జేబులు తడుముకున్నాడు.

"చిల్లర లేదే తల్లీ."

"ఫోన్‌లో పంపొచ్చు మామయ్యా" అంది.